లోహం ఒకటే, అచ్చులు వేరు

రెండు పడవలలో కాళ్ళు పెట్టినవాడు నడి ఏటిలో పడతాడని మన పెద్దలు తరచు హెచ్చరిస్తూ ఉంటారు. ఒక పనిని పట్టుకుని, దానినే నమ్ముకుని, అందులోనే ఆరితేరినవానికి లోకంలో గౌరవం ఎక్కువ. పది పనులు చేసేవానిని చూసి లోకం ముచ్చటపడుతుంది కాని, పూర్తిగా నమ్మదు. సాహిత్యరంగంలోనూ ఇదే తీరు. కవిని కవిగా, కథకుని కథకునిగా గుర్తుంచుకోవడం పాఠకునికి సులువు. నాటకాలు వ్రాసి, నవలలు వ్రాసి, కథలు వ్రాసి, పత్రికలో శీర్షికలు నడిపి, పైగా ముఖానికి రంగు పూసుకుని నటించిన మనిషి ఎదురైతే, అతడిని ఏ అరలో పెట్టాలో విమర్శకునికి తోచదు. చివరకు ఏ అరలోనూ పెట్టకుండా వదిలివేసే ప్రమాదం కూడా ఉన్నది.

ఈ మాట నిజమా, కాదా అని ఆలోచించడానికి జంషెడ్‌పూర్ వంటి ఊరు అనువైన చోటు. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే తావున, సాక్చీ అనే చిన్న పల్లె ఉన్న చోట ఈ నగరం వెలిసింది. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారయింది. జంషెట్జీ టాటా స్మారకంగా 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. ఒకప్పుడు బీహారులో భాగమైన ఈ నగరం 2000 సంవత్సరం నుండి జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్నది. ఇక్కడ చిన్నపిల్లవాడికి కూడా ఒక సంగతి తెలుసు. ఇనుప ఖనిజాన్ని, కోకు బొగ్గును, సున్నపురాయిని పెద్ద కొలిమిలో వేసి కరిగిస్తారు. ఆ ద్రవలోహాన్ని శుద్ధిచేసి ఉక్కుగా మారుస్తారు. తరువాత అదే ఉక్కు ఒక చోట కమ్మీ అవుతుంది, ఒక చోట రేకు అవుతుంది, ఇంకొక చోట తీగ అవుతుంది. కమ్మీని చూసి ఇది ఉక్కు, రేకును చూసి ఇది మరేదో అని ఎవరూ అనరు. లోహం ఒకటే, అచ్చులు వేరు.

రచయిత విషయంలో కూడా మనం చూడవలసినది ఇదే. అతడు ఎన్ని అచ్చులలో పోశాడన్నది రెండవ ప్రశ్న. కొలిమిలో కరిగిన లోహం ఏమిటన్నది మొదటి ప్రశ్న.

ఈ నెల మనం తెలుసుకోబోయే రచయిత జంషెడ్‌పూర్ వాసి కాదు. అయితే ఈ ఊరి తెలుగువారికి ఆయన పరాయివాడూ కాదు. ఉత్తరాంధ్ర తీరం వెంట కలకత్తా వైపు సాగే రైలుమార్గం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలను ఈ ఉక్కునగరానికి తీసుకువచ్చింది. బిష్టూపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు నిలువెత్తు సాక్ష్యాలు. ఆ విజయనగరం సీమలోనే 1939 ఏప్రిల్ 14వ తేదీన జన్మించినవారు గొల్లపూడి మారుతీరావు. ఆయన విశాఖపట్టణంలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్రంలో ఆనర్సు పట్టా పొందారు. 2019 డిసెంబరు 12వ తేదీన చెన్నైలో తమ 80వ ఏట కన్నుమూశారు.

చాలామందికి ఆయన సినిమా నటుడుగానే తెలుసు. 250కి పైగా చిత్రాలలో నటించిన మనిషి కనుక అది సహజమే. కాని ఆయన మొదట తెర మీదకు వచ్చే నాటికి ఆయనకు నలభై మూడేళ్ళు. అప్పటికే ఆయన వెనుక పాతికేళ్ళకు మించిన రచనాజీవితం ఉన్నది.

నాటకంతో మొదలు

పదిహేనవ ఏట, 1954లో, ఆయన తొలి కథ ‘ఆశాజీవి’ అచ్చయింది. విద్యార్థిదశలోనే నాటకాలు వ్రాయడం, ఆడించడం, ఆడటం మూడూ ఆరంభమయ్యాయి. మన తెలుగు నాటకరంగం స్వభావం తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. తెలుగునాట నాటకం జీతమిచ్చే వృత్తిగా చాలా కొద్దిమందికే దక్కింది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన నాటి నుండి, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్ళు, విద్యార్థులు తమ పనివేళలు ముగిసిన తరువాత రిహార్సళ్ళు వేసుకుని పోటీలకు నాటకాలు సిద్ధం చేశారు. నాటకం వ్రాసినవాడే దర్శకుడు, అతడే ముఖ్యపాత్రధారి, అవసరమైతే తెర లాగేవాడూ అతడే. ఆ విధంగా నాటకరంగమే మనిషికి పది పనులు నేర్పే పాఠశాల.

ఆ పాఠశాల ఒక్కటి మాత్రం ఇవ్వలేకపోయింది. అది నెల జీతం. మారుతీరావు 1959లో ‘ఆంధ్రప్రభ’ దినపత్రికలో ఉపసంపాదకులుగా చేరారు. తరువాత పని మీద చిత్తూరులో ఉన్నారు. 1962లో చైనా దురాక్రమణ జరిగినప్పుడు ఆయన ‘వందేమాతరం’ అనే నాటకం వ్రాసి, ప్రదర్శించి, దేశరక్షణ నిధికి ధనం సేకరించారు. పత్రికాకార్యాలయంలో రాత్రి వచ్చిన వార్త నాటకరచయిత చేతిలో సన్నివేశమైంది. ఇక్కడే ఆయన పద్ధతి మనకు తెలుస్తుంది. ఉద్యోగం ఒక వైపు, రచన ఒక వైపు అని ఆయన గోడ కట్టుకోలేదు. ఉద్యోగంలో ఎదురైన ప్రతి ముడిసరుకునూ కొలిమిలో వేశారు.

తరువాతి మజిలీ ఆకాశవాణి. హైదరాబాదు, విజయవాడ, ఒడిశాలోని సంబల్‌పూర్, మద్రాసు, కడప కేంద్రాలలో సుమారు రెండు దశాబ్దాలు ఆయన పనిచేశారు. రేడియో నాటకం గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. రంగస్థలం మీద రాజు వస్తే కిరీటం చూసి రాజని పోల్చుకుంటాము. రేడియోలో కిరీటం లేదు, తెర లేదు, దీపాల వెలుగు లేదు. వచ్చినవాడు రాజో, బంటో, కోపంగా ఉన్నాడో, లోపల ఏడుస్తున్నాడో మొత్తం కంఠమే చెప్పాలి. వ్రాసేవాడు ఒక వాక్యం ఎక్కువ వ్రాస్తే వినేవాడు మీట తిప్పివేస్తాడు. ఒక వాక్యం తక్కువ వ్రాస్తే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక తికమకపడతాడు. ఇరవై ఏళ్ళు ఈ కత్తిసాము చేసినవానికి మాట బరువు ఎంతో గ్రాములతో సహా తెలిసిపోతుంది.

మారుతీరావు తరువాత ఏ ప్రక్రియ చేపట్టినా ఆయన వెంట నడిచినది ఈ చెవి. ఆయన లోహం ఇదే. మనుషులు మాట్లాడే తీరును పట్టుకోవడం, పైకి ఒకటి అంటూ లోపల ఇంకొకటి దాచుకునే మాటను పట్టుకోవడం.

ఒక నాటిక, ఒక ప్రశ్న

ఆయన నాటికలలో ‘కళ్ళు’ ప్రసిద్ధమైనది. కొందరు గుడ్డి బిచ్చగాళ్ళు రూపాయి రూపాయి కూడబెడతారు. అందరికీ ఆపరేషను చేయించడానికి డబ్బు చాలదు కనుక తమలో ఒకనికి చూపు తెప్పించాలనుకుంటారు. అతనికి కళ్ళు వస్తే అందరికీ వచ్చినట్లే, తమను చేయి పట్టుకుని నడిపిస్తాడని వారి ఆశ. చూపు వస్తుంది. చూపు వచ్చినవానికి లోకం కనిపిస్తుంది, లోకంతో పాటు స్వార్థమూ కనిపిస్తుంది. తనకు చూపునిచ్చినవారే అతనికి భారమైపోతారు.

ఇంతే కథ. కాని ఊరందరి చందాలతో చదువుకుని పట్నం వెళ్ళి ఊరిని మరచినవారిని, ప్రజల ఓట్లతో గద్దెనెక్కి ప్రజలను మరచినవారిని, అన్న కూలిడబ్బుతో ఉద్యోగస్థుడై అన్నను గుమ్మం దగ్గర నిలబెట్టినవారిని చూసిన మనకు ఈ కథ విప్పి చెప్పనవసరం లేదు. రచయిత ఎక్కడా ఉపన్యాసం ఇవ్వలేదు. గుడ్డివారి నోటికి వారి మాటే ఇచ్చి ఊరుకున్నారు. ఇదే రచన 1988లో ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చింది. అచ్చు మారింది, ప్రశ్న మారలేదు.

సినిమా రంగంలో ఆయన ప్రవేశం అంతకు చాలా ముందు జరిగినది. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ ఆధారంగా 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ చిత్రరచనలో ఆయన పాలుపంచుకున్నారు. ఆ సంవత్సరమే మొదలైన నంది పురస్కారాలలో ఉత్తమచిత్రం బహుమతి ఆ చిత్రానికి దక్కింది. 1982లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ ఆయనను నటునిగా ఇంటింటికీ తెలియజేసింది. తీయని మాటలతో గోతులు తీసే మనిషిని ఆయన ఎంత సహజంగా అభినయించారంటే, ఆ తరువాత ప్రేక్షకులు ఆయనను అదే వరుస పాత్రలలో చూడగోరారు. మాటకు వెనుక దాగిన మాట తెలిసిన నాటకరచయితకు ఆ పాత్రలు కొట్టిన పిండి.

నవలలలో ‘సాయంకాలమైంది’ని పాఠకులు ఎక్కువగా తలచుకుంటారు. ఆచారనిష్ఠ గల శ్రీవైష్ణవ కుటుంబం, కాలం మారుతున్నకొద్దీ దూరాలకు తరలిపోయే సంతానం, వెనుక మిగిలిపోయిన పెద్దల ఒంటరితనం అందులోని ఇతివృత్తం. సొంత ఊరిలో తల్లిదండ్రులను వదలి ఉద్యోగం కోసం వచ్చిన ప్రతి ప్రవాసాంధ్రుడూ ఆ నవలలో ఎక్కడో ఒకచోట తనను తాను చూసుకుంటాడు. ‘జీవనకాలమ్’ పేరుతో ఆయన నడిపిన పత్రికాశీర్షిక ఏళ్ళ తరబడి సాగింది. తెలుగు కథ నూరేళ్ళ పండుగ సందర్భంగా టెలివిజనులో ‘వందేళ్ళ కథకు వందనాలు’ అనే కార్యక్రమం నిర్వహించి, ఎందరో కథకుల రచనలను క్రొత్త తరానికి పరిచయం చేశారు. ‘అమ్మ కడుపు చల్లగా’ ఆయన ఆత్మకథ.

చెల్లించిన మూల్యం

ఇంతవరకు చదివిన పాఠకుడు ఒక ప్రశ్న వేయవచ్చు. ఇన్ని చోట్ల చెదిరిపోకుండా ఆయన నాటకరంగాన్నే అంటిపెట్టుకుని ఉంటే తెలుగు నాటకానికి ఇంకా పెద్ద మేలు జరిగేది కాదా?

న్యాయమైన ప్రశ్న. దానికి సగం జవాబు ‘అవును’ అనే చెప్పాలి. ఇది మారుతీరావు ఒక్కరి కథ కాదు. ‘ఎన్.జి.ఓ.’ వంటి నాటకాలతో గుమాస్తా బ్రతుకును రంగస్థలం మీదకు తెచ్చిన ఆచార్య ఆత్రేయ 1951లో సినిమా పాటల వైపు మళ్ళారు. తెలుగు సినిమాకు గొప్ప గీతరచయిత దొరికారు. నాటకరంగం తన ముఖ్య రచయితను పోగొట్టుకున్నది. ఆయన పాటలు మనం నేటికీ పాడుకుంటున్నాము కాని ఆయన నాటకాలు ప్రదర్శించే సమాజాలు ఎన్ని ఉన్నాయి? కన్నతల్లి వంటి నాటకరంగం రచయితలను కని, పెంచి, మాట నేర్పి, అన్నం పెట్టలేక పొరుగింటికి పంపింది. ఆ పొరుగిల్లు ఒకప్పుడు రేడియో, ఒకప్పుడు సినిమా, నేడు టెలివిజను.

నటునిగా వచ్చిన కీర్తి రచయిత కీర్తిని కప్పివేయడం రెండవ నష్టం. వీధిలో మారుతీరావును గుర్తుపట్టినవారిలో ఆయన నాటికలు చదివినవారు ఎందరుంటారు? తెర మీది ముఖం పెద్దది, పుస్తకం మీది పేరు చిన్నది. ఈ లెక్కలో ఓడిపోయేది ఎప్పుడూ పుస్తకమే.

అయితే, మిగిలిన సగం జవాబును ఆయన జీవితంలోని ఒక విషాదం చెబుతుంది. ఆయన కుమారుడు గొల్లపూడి శ్రీనివాస్ దర్శకునిగా తొలి చిత్రం ‘ప్రేమపుస్తకం’ ఆరంభించారు. 1992 ఆగస్టు 12వ తేదీన, చిత్రీకరణ సాగుతున్న రోజులలోనే, విశాఖపట్టణం ప్రాంతపు సముద్రతీరంలో అలలకు బలి అయ్యారు. ఆ తండ్రి దుఃఖాన్ని వర్ణించే ప్రయత్నం మనకు తగదు. ఆయన చేసిన పని మాత్రం చెప్పుకోవచ్చు. కొడుకు సగంలో విడిచిన చిత్రాన్ని తాను దర్శకత్వం వహించి పూర్తిచేశారు. అది 1993లో విడుదలయింది. ఆ తరువాత కుమారుని పేరిట జాతీయస్థాయి పురస్కారం నెలకొల్పి, ఏ భారతీయ భాషలోనైనా మొదటి చిత్రంతోనే ప్రతిభ చూపిన దర్శకునికి ఏటా ఆగస్టు 12న అందజేస్తూ వచ్చారు. ‘తారే జమీన్ పర్’ చిత్రానికి ఆమిర్ ఖాన్ ఆ పురస్కారాన్ని అందుకున్నారు.

నాటకం వ్రాయడం, ఆడించడం, ఆడటం, కెమెరా ముందు నిలబడటం ఇవన్నీ తెలిసి ఉండకపోతే ఆ తండ్రి ఆ చిత్రాన్ని ముగించగలిగేవారు కారు. లోకం ‘చెదిరిపోవడం’ అని పేరు పెట్టినది ఆ రోజు ఆయనకు చేతికర్ర అయింది. మనిషి నేర్చిన విద్య ఏదీ వృథా పోదని మనం మాటవరుసకు అంటాము. కొందరు ఆ మాటకు పూర్తి వెల చెల్లించి నేర్చుకుంటారు.

సముద్రాలకు ఆవల

నాటకరచయిత అన్నం కోసం ఇతర ప్రక్రియలకు తరలడం మన దేశానికే ప్రత్యేకమైన సంగతి కాదు. ధనిక దేశాలలోనూ ఇదే జరిగింది. కెనడా రచయిత రాబర్ట్‌సన్ డేవీస్ జీవితం మారుతీరావు జీవితం ప్రక్కన పెట్టి చూస్తే ఎన్ని పోలికలో!

డేవీస్ 1913లో ఒంటారియో రాష్ట్రంలోని థేమ్స్‌విల్ అనే చిన్న ఊరిలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ముగించి, లండనులోని సుప్రసిద్ధ ఓల్డ్ విక్ నాటకశాలలో చేరి చిన్న పాత్రలు ధరించారు. 1940లో స్వదేశానికి తిరిగివచ్చే సమయానికి అక్కడ నాటకం వ్రాసి బ్రతికే పరిస్థితి లేదు. నాటకాలు ఆడేవారు చాలావరకు ఔత్సాహికులే. అందుచేత ఆయన కూడా పత్రికారంగానికే వెళ్ళారు. 1942 నుండి పీటర్‌బరో పట్టణంలోని ‘ఎగ్జామినర్’ దినపత్రికకు సంపాదకులుగా పనిచేశారు. శామ్యూల్ మార్చ్‌బ్యాంక్స్ అనే కల్పిత పాత్ర పేరుతో హాస్యశీర్షిక నడిపారు. ‘ఈరోస్ ఎట్ బ్రేక్‌ఫాస్ట్’, ‘ఫార్చూన్, మై ఫో’ వంటి నాటకాలతో 1940ల చివరికి కెనడాలో నాటకరచయితగా పేరు పొందారు. 1953లో స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో షేక్స్‌పియర్ నాటకోత్సవం ఆరంభమైనప్పుడు దానికి మొదటి నుండి అండగా నిలిచారు.

ఆయనకూ ఎదురుదెబ్బ తగిలింది. తన నవలనే నాటకంగా మలచి 1960లో న్యూయార్కులో ప్రదర్శింపజేస్తే కొద్ది రోజులకే మూతపడింది. నాటకరచయితగా ప్రపంచఖ్యాతి పొందాలన్న కోరిక తీరలేదు. పది సంవత్సరాలు గడిచాయి. 1970లో, తమ 57వ ఏట, ‘ఫిఫ్త్ బిజినెస్’ అనే నవల ప్రకటించారు. ఆయనను ప్రపంచానికి పరిచయం చేసినది అదే.

ఆ నవల పేరులోనే నాటకశాల ఉన్నది. నాయకుడు కాదు, నాయిక కాదు, చెలికత్తె కాదు, ప్రతినాయకుడు కాదు. అయినా కథ ముగింపుకు రావాలంటే తప్పనిసరిగా ఉండవలసిన పాత్రకు ఆయన ఆ పేరు పెట్టారు. జీవితంలో మనలో చాలామందిమి అటువంటివారమే అన్న సంగతి ఆ నవలకు మూలం. రంగస్థలం వెనుక నిలబడి, ఎవరు ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో చూసిన మనిషికి తప్ప ఆ ఊహ తట్టదు. విఫలమైన నాటకరచయిత నవలాకారుడైనాడని అనడం సరికాదు. నాటకరచయితే తన లోహాన్ని మరో అచ్చులో పోశాడని అనాలి. 1963 నుండి 1981 వరకు టొరంటోలోని మాసీ కళాశాలకు ఆయన అధిపతిగా ఉన్నారు. ఏటేటా క్రిస్మస్ వేడుకలో విద్యార్థులకు ఒక దయ్యం కథ చదివి వినిపించేవారు. ఎంత పెద్ద నవలాకారుడైనా వినేవారి ముఖాలు చూస్తూ కథ చెప్పే సుఖాన్ని వదులుకోలేకపోయారు. 1995లో మరణించేవరకు ఆయనలోని నటుడు, నాటకరచయిత విశ్రమించలేదు.

ఇంత దూరం వెళ్ళనవసరం లేకుండా విజయనగరంలోనే మనకు పెద్ద ఉదాహరణ ఉన్నది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో అక్కడ ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఆ తరువాత గురజాడ ముత్యాల సరాలు కూర్చారు. 1910లో ‘దిద్దుబాటు’ కథ వ్రాశారు. వాడుకభాష కోసం వాదించారు. నాటకం, గేయం, కథ, భాషోద్యమం నాలుగింటికీ మూలం ఒక్కటే. మనుషులు నిజంగా మాట్లాడే మాటకు సాహిత్యంలో పీట వేయాలన్న పట్టుదల. గిరీశం నోట, మధురవాణి నోట ఆ మాటను విన్న చెవే తక్కిన ప్రక్రియలకు దారి చూపింది.

మన ఇండ్లలో నాటకం

ఇప్పుడు మళ్ళీ ఉక్కునగరానికి వద్దాము. జంషెడ్‌పూర్‌లోనే కాదు, రూర్కెలా, భిలాయి, ఖరగ్‌పూర్ వంటి ఊళ్ళలో ఉన్న తెలుగు కుటుంబాలన్నింటిలోనూ ఒకే చిక్కు. తాత తెలుగు చదివి, వ్రాసి, పద్యాలు పాడేవాడు. తండ్రి తెలుగు చదవగలడు కాని వ్రాయాలంటే తడబడతాడు. మనుమడు బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చుకుంటాడు. వీధిలో స్నేహితులతో హిందీ, బంగ్లా మాట్లాడతాడు. ఇంట్లో అమ్మమ్మ తెలుగులో పిలిస్తే పలుకుతాడు, నవ్వుతాడు, అలుగుతాడు. కాని తెలుగు అక్షరం అతనికి పటంలోని బొమ్మ. అతని తెలుగు కంటిలో లేదు, చెవిలో మాత్రమే మిగిలి ఉన్నది.

అటువంటి బాలునికి మనం నవల ఇచ్చి చదవమంటే చదవలేడు. పద్యం ఇస్తే బెదిరిపోతాడు. అతనికి అందగలిగే సాహిత్యం వినే సాహిత్యం. అంటే నాటకం, రేడియో నాటిక, చెప్పే కథ, చూసే చిత్రం. మాటను చెవితో వ్రాసిన రచయితల విలువ ఇక్కడ మనకు పూర్తిగా బోధపడుతుంది. మారుతీరావు వంటివారు పుస్తకం నుండి రేడియోకు, రేడియో నుండి తెరకు వెళ్ళడం వలన సాహిత్యం పలుచబడిందని విమర్శకుడు అనవచ్చు. కాని అక్షరం అందని ఇండ్లకు తెలుగు మాట చేరినది ఆ దారినే. నాటకరంగం నష్టపోయినది నిజమే. ఆ నష్టంలో నుండి భాషకు కొంత లాభం దక్కినది కూడా నిజమే.

ఆ లాభాన్ని నిలుపుకోవడం మన చేతిలోని పని. దానికి నిధులు అక్కరలేదు, కమిటీలు అక్కరలేదు. ఆదివారం సాయంకాలం ఒక గంట చాలు. ఒక నాటిక పుస్తకం తెచ్చుకుని ఇంట్లో నలుగురూ చుట్టూ కూర్చోండి. తాతగారు ఒక పాత్ర, కోడలు ఒక పాత్ర, తెలుగు చదవగలిగిన ప్రతివారూ తలా ఒక పాత్ర పంచుకుని బిగ్గరగా చదవండి. చదవడం రాని పిల్లవానికి చిన్న పాత్ర ఇచ్చి, అతని మాటలు దేవనాగరిలోనో, ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసి ఇవ్వండి. మొదటి వారం నవ్వులతో సరిపోతుంది. రెండవ వారం తన వంతు ఎప్పుడు వస్తుందా అని వాడు ఎదురు చూస్తాడు. మూడవ వారం, ప్రక్కవారి పుస్తకంలోకి తొంగిచూసి ఆ గుండ్రని అక్షరం ఏమిటని తానే అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమే ఈ ప్రయత్నమంతా. చెవిలో ఉన్న భాష కంటిలోకి దిగడానికి నాటకం కన్న సులువైన మెట్టు లేదు.

పండుగరోజులలో తెలుగు సంఘాలు జరిపే సభలలో సినిమా పాటలకు ఇచ్చే సమయంలో పావుగంట మిగిల్చి ఒక నాటికకు ఇచ్చినా ఎంతో మేలు. రంగాలంకరణ లేకపోయినా ఫరవాలేదు. మన నాటకరచయితలలో చాలామంది రెండు బల్లలు, ఒక లాంతరు ఉంటే చాలునన్న రోజులలో వ్రాసినవారే.

రెండు పడవల సామెత మళ్ళీ గుర్తు చేసుకుందాము. ఒడ్డు చేరాలనే మనిషికి ఒక పడవ చాలు. కాని అవతలి ఒడ్డున నిలబడినవారు అనేకులు, వారు ఉన్న రేవులు అనేకం అయినప్పుడు, మాటను మోసుకుపోయేవాడు పడవలు మారక తప్పదు. అతడు ఎన్ని పడవలు ఎక్కాడని లెక్కపెట్టవద్దు. మన రేవుకు ఏమి తెచ్చాడో చూసి, దానిని ఇంట్లోకి తెచ్చుకుందాము.